అండమాన్‌లో మూడు గదుల హోమ్‌స్టే: అద్దె ఎంత పెడితే గిట్టుబాటు? గదులు ఎలా నిండుతాయి?

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. పేరు ఏదైనా, ఆ ఊళ్లో తెలుగు వినిపించని బజారు తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల జనాభా 3,80,581. వారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, తర్వాత చిన్న వ్యాపారాలకు, ప్రభుత్వ ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎక్కువ. జంగ్లీఘాట్ లాంటి ప్రాంతాల్లో తెలుగు మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

ఇలాంటి కుటుంబాల ముందు కొన్నేళ్లుగా ఒక కొత్త అవకాశం కనిపిస్తోంది. పిల్లలు చదువుల కోసమో ఉద్యోగాల కోసమో మెయిన్‌ల్యాండ్‌కు వెళ్లిపోతే మేడ మీద గదులు ఖాళీగా ఉంటాయి. ఇంకోవైపు పర్యాటకులు పెరుగుతున్నారు. 2023 జులైలో వీర సావర్కర్ అంతర్జాతీయ విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ వచ్చింది. ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయేలా దాన్ని కట్టారు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ఇస్తామని ప్రకటించారు. ఇన్ని అనుకూలతలు చూసి రెండు మూడు గదులకు ఏసీలు బిగించి, ఒక యాప్‌లో పేరు నమోదు చేసుకునేవారు చాలామంది.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. గదికి ఎంత పెట్టాలి? పక్కింటివారు రూ.1,400కే ఇస్తుంటే మనమూ అంతే పెట్టాలా? జూన్‌లో ఎవరైనా వెయ్యికి అడిగితే ఇవ్వాలా, వద్దా? ఈ ప్రశ్నలకు అంచనాతో జవాబు చెప్పేవారే ఎక్కువ. లెక్క వేసి చూస్తే జవాబులు వేరుగా ఉంటాయి.

ముందు తెలియాల్సింది: అతిథి ఎలా వస్తాడు?

గోవాకో, అరకుకో వెళ్లే వ్యక్తి శుక్రవారం సాయంత్రం అనుకుని శనివారం బయల్దేరగలడు. అండమాన్‌కు అలా కుదరదు. హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, దిల్లీ లాంటి నగరాల నుంచి విమానం ఎక్కాలి. లేదంటే చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలో రెండు మూడు రోజులు ప్రయాణించాలి. విశాఖ ఓడ ఎప్పుడో గానీ ఉండదు. అందువల్ల పర్యాటకుల్లో ఎక్కువ మంది విమానాల్లోనే వస్తారు. ఎన్ని విమానాలు వస్తే అంతమందే అతిథులు.

ఇది ధరపై నేరుగా ప్రభావం చూపే విషయం. 2023 మే నెలలో గో ఫస్ట్ విమానయాన సంస్థ సర్వీసులు నిలిపేసినప్పుడు లేహ్, శ్రీనగర్‌లతో పాటు పోర్ట్ బ్లెయిర్‌కు కూడా సీట్లు తగ్గి టికెట్ ధరలు పెరిగాయి. అలాంటి సమయంలో గది అద్దెను సగానికి తగ్గించినా రాని విమానంలోంచి అతిథి దిగడు. గదులు ఖాళీగా ఉన్నప్పుడు 'ధర ఎక్కువైందేమో' అనుకునే ముందు విమానాల సంఖ్య, టికెట్ ధరలు చూడాలనేది ఇక్కడి మొదటి సూత్రం.

రెండో విషయం, అతిథి ఒకే చోట ఉండడు. వచ్చిన రోజు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు చూస్తాడు. మర్నాడు పొద్దున్నే ఫెర్రీ ఎక్కి హేవ్‌లాక్‌కు, అంటే స్వరాజ్ ద్వీప్‌కు వెళ్తాడు. అక్కడి నుంచి నీల్‌కు, అంటే షహీద్ ద్వీప్‌కు. చివరి రాత్రికి మళ్లీ పోర్ట్ బ్లెయిర్ వచ్చి విమానం ఎక్కుతాడు. కాబట్టి పోర్ట్ బ్లెయిర్‌లోని ఇంటికి సాధారణంగా మొదటి ఒకటి రెండు రాత్రులు, చివరి ఒక రాత్రి మాత్రమే దక్కుతాయి. మధ్యలోని రాత్రులు హేవ్‌లాక్, నీల్ దీవులవి. ఒక్కో రాత్రికి ఒక్కో అతిథి మారితే దుప్పట్లు ఉతకడం, గది శుభ్రం చేయడం అన్నీ పెరుగుతాయి. వారం రోజులు కదలకుండా ఉండే అతిథిని ఊహించుకుని వేసిన ఖర్చుల లెక్క ఇక్కడ పనికిరాదు.

మూడోది, మొత్తం యాత్ర ఖర్చులో గది అద్దె చిన్న భాగం. ప్రైవేటు ఫెర్రీలో హేవ్‌లాక్‌కు ఒకరికి ఒకవైపు టికెట్టే వెయ్యి రూపాయలు దాటుతుంది. నలుగురి కుటుంబానికి రానుపోను ఎనిమిది వేల పైమాటే. దానికి విమానం టికెట్లు అదనం. ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చే కుటుంబం గది దగ్గర రూ.200 మిగలడం కన్నా ఫెర్రీ తప్పిపోకుండా ఉండటం, కుళాయిలో నీళ్లు రావడం, గది ఫొటోలో ఉన్నట్టే ఉండటం ముఖ్యమనుకుంటుంది. ధర గురించి ఆలోచించేటప్పుడు చాలామంది యజమానులు మరిచిపోయేది దీన్నే.

ఏడాదిలో రెండు కాలాలు, ఎన్నో పండగలు

అండమాన్‌లో మే చివరి నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు. ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాల జల్లులు, బంగాళాఖాతంలో అల్పపీడనాలు. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం అది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు సీజను. మిగతా ఆరు నెలలు అన్‌సీజను.

అయితే సీజనులోనూ అన్ని రోజులూ ఒకటి కావు. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి మొదటి వారం వరకు దేశం నలుమూలల నుంచి వస్తారు. దసరాకు బెంగాల్ నుంచి, దీపావళికి గుజరాత్ నుంచి కుటుంబాలు బయల్దేరతాయి. సంక్రాంతి సెలవులు తెలుగు రాష్ట్రాలవి. ఏప్రిల్ చివర, మే నెలలో బడి సెలవుల రద్దీ ఉంటుంది. దీనికి తోడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఎల్‌టీసీ కింద అండమాన్‌కు విమానంలో వెళ్లేందుకు 2014 నుంచి ప్రత్యేక వెసులుబాటు ఉంది. దాన్ని రెండేళ్లకోసారి పొడిగిస్తూ వచ్చారు. ఉద్యోగి తన సెలవును బట్టి వస్తాడు కాబట్టి రద్దీ లేని వారాల్లోనూ ఈ అతిథులు దొరుకుతారు.

అందుకే ఏడాదంతా ఒకే ధర పెట్టడం రెండు రకాలుగా నష్టం. జనవరి 1న నాలుగు వేలకు కూడా తీసుకునే గదిని రెండున్నర వేలకు ఇస్తారు. జులైలో పన్నెండు వందలకు వచ్చే అతిథిని రెండున్నర వేలు చెప్పి పంపేస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు పోర్ట్ బ్లెయిర్‌లో మూడు గదులున్న ఒక ఇంటిని ఊహించుకుందాం. అంకెలు ఊరిని బట్టి, ఇంటిని బట్టి మారతాయి. లెక్క వేసే పద్ధతి మారదు.

అతిథి వచ్చినా రాకపోయినా నెలనెలా తప్పని ఖర్చులు కొన్ని ఉంటాయి. బ్యాంకు వాయిదా రూ.20,000, ఒక పనిమనిషి జీతం రూ.14,000, ఇంటర్నెట్, మరమ్మతులు, రంగులు, లైసెన్సులకు రూ.11,000. మొత్తం రూ.45,000. ఏడాదికి రూ.5,40,000.

అతిథి వస్తేనే అయ్యే ఖర్చులు వేరు. ఇద్దరికి టిఫిను, ఏసీ కరెంటు, నీళ్ల ట్యాంకరు, దుప్పట్లు ఉతికించడం, సబ్బులు. ఒక గదికి ఒక రాత్రికి రూ.500 అనుకుందాం.

నవంబరు నుంచి ఏప్రిల్ వరకు 181 రోజులు. మూడు గదులంటే 543 గది రాత్రులు. వాటిలో 70 శాతం నిండితే 380. మిగతా 184 రోజుల్లో 552 గది రాత్రులు. పావు వంతు నిండితే 138. ఏడాది మొత్తానికి 518. అంటే సీజనులో బాగా నడిచిన ఇల్లు కూడా ఏడాది సగటున సగం నిండదు. 'మూడు గదులు, నెలకు ముప్పై రోజులు, గదికి రెండు వేలు' అని వేసుకునే ఆశల లెక్క తప్పేది ఇక్కడే.

తప్పని ఖర్చు రూ.5,40,000ను 518 రాత్రులకు పంచితే ఒక్కో రాత్రికి రూ.1,042. దానికి రూ.500 కలిపితే రూ.1,542. ఇది చేతికి రావాల్సిన మొత్తం. బుకింగ్ యాప్ ద్వారా వచ్చే అతిథి కట్టిన దాంట్లోంచి కమీషన్ పోతుంది. కమీషన్ 15 శాతం అనుకున్నా, దానిపై 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. మొత్తం 17.7 శాతం, ఉజ్జాయింపుగా 18 శాతం. కాబట్టి చేతికి రూ.1,542 రావాలంటే యాప్‌లో సగటు ధర రూ.1,880 ఉండాలి. అది లాభనష్టాలు లేని ధర మాత్రమే. ఇంటివారి కష్టానికి అందులో పైసా లేదు.

ఇప్పుడు పక్కింటి ధర చూసి రూ.1,400 పెడితే ఏమవుతుంది? కమీషన్ పోగా చేతికి రూ.1,148. రాత్రి ఖర్చు పోగా రూ.648. 518 రాత్రులకు రూ.3,35,664. కట్టాల్సింది రూ.5,40,000. ఏడాదికి రెండు లక్షలకు పైగా లోటు. గదులు నిండుతూనే ఉంటాయి, అప్పు మాత్రం పెరుగుతూ ఉంటుంది. పక్కింటివారికి బ్యాంకు వాయిదా లేకపోవచ్చు. పనంతా ఇంట్లోవాళ్లే చేసుకుంటుండొచ్చు. వారికి సరిపోయే ధర వాయిదా కట్టేవారికి సరిపోదు.

జూన్‌లో వెయ్యికి అడిగితే?

ఇక్కడ రెండు ధరల మధ్య తేడా తెలియాలి. ఒకటి, ఏడాది మొత్తం మీద ఇంటిని నిలబెట్టే సగటు ధర. రెండోది, ఆ రాత్రికి గది ఇవ్వడానికి ఒప్పుకోదగిన కనీస ధర. జూన్‌లో వానలో ఖాళీగా ఉన్న గదిని ఒక ఓడ ప్రయాణికుడు నేరుగా వచ్చి వెయ్యికి అడిగాడనుకుందాం. ఆ రాత్రి అదనంగా అయ్యే ఖర్చు రూ.500. మిగిలేది రూ.500. గది ఖాళీగా ఉంటే మిగిలేది సున్నా. కాబట్టి ఇవ్వడమే మేలు. అదే వెయ్యి రూపాయలకు జనవరిలో ఇస్తే నష్టం. ఎందుకంటే ఆ గదికి రెండున్నర వేలు ఇచ్చే అతిథి సాయంత్రానికి వచ్చేవాడు.

అన్‌సీజనులో సగటున యాప్ ధర రూ.1,300 పెట్టారనుకుంటే కమీషన్, రాత్రి ఖర్చు పోగా ఒక్కోదానికి రూ.566 మిగులుతుంది. 138 రాత్రులకు రూ.78,000. తప్పని ఖర్చులో మిగిలిన రూ.4,62,000 సీజనులోని 380 రాత్రులే మోయాలి. ఇంటివారికి నెలకు రూ.20,000 మిగలాలనుకుంటే మరో రూ.2,40,000 కలపాలి. అప్పుడు సీజనులో సగటు యాప్ ధర దాదాపు రూ.2,860 అవుతుంది.

ఆ సగటును అన్ని రోజుల మీదా సమానంగా రుద్దాల్సిన పని లేదు. క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి రోజుల్లో పాతిక రోజులకు రూ.3,800 పెట్టి 70 గది రాత్రులు నింపగలిగితే, సీజనులోని మిగతా రాత్రులకు రూ.2,650 సరిపోతుంది. రద్దీ రోజుల్లో ధర పెంచడాన్ని కొందరు దోపిడీగా చూస్తారు. నిజానికి ఆ పాతిక రోజులే మిగతా అతిథులకు ధర తగ్గించే వీలు కల్పిస్తాయి. కాకపోతే ఒక షరతు ఉంది. ఒకసారి ఒప్పుకున్న బుకింగును రద్దీ చూసి రద్దు చేయకూడదు, ధర మార్చకూడదు. ఆ పని చేసిన ఇంటి గురించి రాసే ఒక్క సమీక్ష వచ్చే ఏడాది సీజనును దెబ్బతీస్తుంది.

తగ్గింపు ఎంత ఖరీదైనదో

గదులు నిండకపోతే అందరికీ మొదట తోచేది తగ్గింపు. రూ.2,800 ధర మీద 20 శాతం తగ్గిస్తే రూ.2,240. అతిథికి ఐదో వంతు తగ్గినట్టు కనిపిస్తుంది. యజమానికి మిగిలేది మాత్రం అంతకన్నా ఎక్కువగా పడిపోతుంది. రూ.2,800 దగ్గర కమీషన్, రాత్రి ఖర్చు పోగా రూ.1,796 మిగిలేది. రూ.2,240 దగ్గర మిగిలేది రూ.1,337. అదే ఆదాయం రావాలంటే 34 శాతం ఎక్కువ రాత్రులు అమ్మాలి. 70 శాతం నిండే ఇల్లు 94 శాతం నిండాలి. విమానాల సీట్లు పరిమితంగా ఉన్న దీవుల్లో అది దాదాపు అసాధ్యం. ఒకే వీధిలో అందరూ తగ్గిస్తే ఎవరికీ కొత్త అతిథి రాడు, అందరి ఆదాయమూ తగ్గుతుంది.

ధర తగ్గించే బదులు యజమానికి తక్కువ ఖర్చుతో, అతిథికి ఎక్కువ విలువతో అయ్యే సౌకర్యం ఇవ్వడం మేలు. అండమాన్‌లో అలాంటివి చాలా ఉన్నాయి. హేవ్‌లాక్ వెళ్లే కుటుంబం పెద్ద సూట్‌కేసులను పోర్ట్ బ్లెయిర్ ఇంట్లో ఉచితంగా వదిలి వెళ్లనివ్వొచ్చు. దానివల్ల ఆ కుటుంబం చివరి రాత్రికి మళ్లీ అదే ఇంటికి వస్తుంది. తెల్లవారకముందే రేవుకు వెళ్లేవారికి ఇడ్లీ పొట్లం కట్టి ఇవ్వొచ్చు. బారాటాంగ్ వెళ్లేవారు జిర్కాటాంగ్ దగ్గర మొదటి కాన్వాయ్ అందుకోవాలంటే చీకటితోనే బయల్దేరాలి. వారికీ అంతే. దీవుల్లో ఐదింటికే తెల్లవారుతుంది, సాయంత్రం ఐదున్నరకే పొద్దు వాలుతుంది. ఎనిమిదింటికి టిఫిను పెట్టే ఇల్లు అక్కడి యాత్రికుడికి సగం ఉపయోగమే.

కమీషన్ ఎవరికి, ఎంత?

2020 ఆగస్టులో చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ కేబుల్ పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లను కలుపుతుంది. అంతకుముందు ఉపగ్రహ ఇంటర్నెట్‌తో ఒక పేజీ తెరుచుకోవడమే గగనం. ఫోను చేసి గది అడిగేవారు, ట్రావెల్ ఏజెంట్లు తప్ప చిన్న ఇంటికి వేరే దారి ఉండేది కాదు. కేబుల్ వచ్చాక మేడ మీది రెండు గదులు కూడా హైదరాబాద్ ఫోనులో కనిపించడం సులువైంది.

కనిపించడానికి మూల్యం కమీషన్. యాప్‌ను బట్టి, ఒప్పందాన్ని బట్టి అది 15 శాతం నుంచి 20 శాతం పైన కూడా ఉంటుంది. మెయిన్‌ల్యాండ్ టూర్ ప్యాకేజీ కంపెనీలు కమీషన్ అనకుండా 'నికర ధర' అడుగుతాయి. విమానం, ఫెర్రీ, కారు, గది అన్నీ కలిపి అమ్ముతాయి కాబట్టి గది అసలు ధర అతిథికి తెలియదు. అందులో యజమానికి ఎంత ముడుతుందో అంతకన్నా తెలియదు.

కొత్తగా మొదలుపెట్టిన ఇంటికి యాప్ తప్పనిసరి. పేరు తెలియని చోటికి ఎవరూ నేరుగా రారు. మొదటి ఏడాది కమీషన్‌ను ప్రచారం ఖర్చుగా చూడొచ్చు. అయితే రెండో ఏడాదికి కూడా నూటికి నూరు బుకింగులు యాప్ నుంచే వస్తుంటే ఎక్కడో లోపం ఉన్నట్టు. పై లెక్కలోనే, సీజను అతిథుల్లో సగం మంది నేరుగా వస్తే సగటు ధర రూ.2,860 నుంచి రూ.2,580కి దించినా యజమాని ఆదాయం తగ్గదు. అంటే ఒక్కో రాత్రికి రూ.280 మిగులు. దాన్ని అతిథికి తగ్గింపుగా ఇవ్వాలా, గది బాగుకు వాడాలా అన్నది యజమాని చేతిలో ఉంటుంది.

తక్కువ ధరకు మరో చోట ఇవ్వకూడదని ఒప్పందాల్లో రాయించుకునే అలవాటు ఈ రంగంలో ఉంది. 2022 అక్టోబరులో భారత కాంపిటీషన్ కమిషన్ ఇలాంటి ధర సమానత్వ షరతులు సహా పలు అంశాలపై మేక్‌మైట్రిప్-గోఐబీబోలకు రూ.223.48 కోట్లు, ఓయోకు రూ.168.88 కోట్లు జరిమానా విధించింది. ఆ షరతులను సవరించాలని మేక్‌మైట్రిప్-గోఐబీబోలను ఆదేశించింది. చిన్న ఇంటి యజమానికి ఇందులో పాఠం ఒకటే. యాప్‌లో 'అంగీకరిస్తున్నాను' నొక్కే ముందు ధర, గదుల లభ్యత, రద్దు గురించిన మూడు షరతులైనా చదవాలి.

జీఎస్టీ లెక్క

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న గదులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే ఆ 5 శాతంలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ ఉండదు. ఏసీ, పరుపులు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తిరిగి రాబట్టుకోలేరు. కాబట్టి ఆ పన్నును కూడా పెట్టుబడిలోనే వేసుకోవాలి.

ఏడాది రాబడి రూ.20 లక్షలు దాటని సేవలకు సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పై ఉదాహరణలోని ఇంటి రాబడి రూ.12.7 లక్షల లోపే. రిజిస్ట్రేషన్ లేని అలాంటి ఇంటికి నేరుగా వచ్చిన అతిథి దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. అదే గది యాప్ ద్వారా బుక్ అయితే యజమానికి బదులు యాప్ సంస్థే ఆ 5 శాతం వసూలు చేసి ప్రభుత్వానికి కడుతుంది. రూ.2,860 గది అతిథి బిల్లులో రూ.3,003 అవుతుంది. అందుకే ధర నిర్ణయించేటప్పుడు యజమాని ఫోనులో కాకుండా, అతిథి ఫోనులో చివరి పేజీలో కనిపించే అంకె చూడాలి.

యాప్‌లు చెల్లింపుల మీద 0.1 శాతం టీడీఎస్ కూడా కోస్తాయి. పాన్ లేదా ఆధార్ ఇచ్చిన వ్యక్తులకు ఆ యాప్ ద్వారా వచ్చిన మొత్తం ఏడాదికి రూ.5 లక్షలు దాటకపోతే కోత ఉండదు. కోసినది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. దాన్ని ఖర్చుగా రాసుకోనక్కర్లేదు.

అతిథి వెతికినప్పుడు కనిపించాలంటే

పేర్ల మార్పు ఇక్కడ ఒక ప్రత్యేక సమస్య. హేవ్‌లాక్, నీల్ దీవులకు 2018 డిసెంబరులో, పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో కొత్త పేర్లు వచ్చాయి. యాత్రికుల్లో చాలామంది ఇంకా పాత పేర్లతోనే వెతుకుతారు. ప్రభుత్వ పత్రాల్లో, కొన్ని టికెట్లలో కొత్త పేర్లుంటాయి. ఇంటి వివరాల్లో రెండు పేర్లూ రాయడం ఖర్చు లేని ప్రచారం.

తర్వాత దూరాలు. 'బీచ్‌కు దగ్గర' అని రాసేకన్నా 'విమానాశ్రయానికి ఇన్ని కిలోమీటర్లు, ఫీనిక్స్ బే రేవుకు ఆటోలో ఇన్ని నిమిషాలు, సెల్యులార్ జైలుకు నడకదూరమా కాదా' అని రాస్తే అతిథి నిర్ణయం తేలికవుతుంది. ఊరంతా ఎత్తుపల్లాలే కాబట్టి ఎన్ని మెట్లు ఎక్కాలో చెప్పాలి. పెద్దవాళ్లతో వచ్చే కుటుంబానికి అది మొదటి ప్రశ్న.

దాచకూడనిది నీటి సంగతి. పోర్ట్ బ్లెయిర్‌కు ప్రధాన ఆధారం ధనిఖారి జలాశయం. వానలు ఆలస్యమైన వేసవుల్లో నీటి సరఫరాకు కోత పడుతుంది. ట్యాంకు ఎంత పెద్దదో, జనరేటరు లేదా ఇన్వర్టరు ఉందో లేదో ముందే రాస్తే కొందరు అతిథులు తగ్గొచ్చు. కానీ వచ్చినవారు కోపంతో వెళ్లరు. మూడు గదుల ఇంటికి ఏడాదికి వచ్చే సమీక్షలు కొన్ని పదులే. వాటిలో రెండు చెడ్డవైతే సగటు పడిపోతుంది. వంద గదుల హోటల్‌కు ఆ బాధ లేదు.

తెలుగు కుటుంబాలకు ఇంకో బలం భాష. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో స్థిరపడినవారిలో ఎక్కువ మంది బెంగాలీలు. మొదటిసారి విమానమెక్కి వచ్చిన తెలుగు వృద్ధ దంపతులకు పప్పు, చారు, పచ్చడి పెట్టి, ఫెర్రీ టికెట్ల సంగతి తెలుగులో చెప్పే ఇల్లు దొరికితే వారు మరో పది కుటుంబాలకు చెబుతారు. యాప్‌లో వివరాలు ఇంగ్లిష్, హిందీలతో పాటు తెలుగులోనూ రాయొచ్చు. వెళ్లేటప్పుడు ఫోను నంబరు ఉన్న చిన్న కార్డు ఇవ్వడం, మర్నాడు 'క్షేమంగా చేరారా' అని వాట్సాప్ పంపడం నేరుగా వచ్చే అతిథులను పెంచే మార్గాలు.

సముద్రం ఒప్పుకోకపోతే

2016 డిసెంబరులో, సీజను మధ్యలో, వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం, తీర రక్షక దళం వచ్చి వారిని పోర్ట్ బ్లెయిర్‌కు చేర్చాయి. అంత పెద్దది కాకపోయినా గాలివానకు ఫెర్రీలు ఆగడం అక్కడ మామూలే. అలాంటప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక అతిథి రాలేకపోతాడు, ఇంకొకడు వెళ్లలేకపోతాడు.

దీనికి ముందే ఒక నియమం పెట్టుకోవాలి. ఫెర్రీ లేదా విమానం రద్దయితే డబ్బు పోదు, తేదీ మారుతుంది. వెళ్లలేక ఉండిపోయిన అతిథికి అదే ధరకు గది కొనసాగుతుంది. అతిథి తనంతట తాను మానుకుంటే మాత్రం, రద్దీ రోజుల్లో వారం ముందు వరకే వాపసు. ఈ మూడు వాక్యాలు బుకింగు సమయంలోనే పంపితే తుపాను రోజున గొడవ ఉండదు. ఏడాదికి ఇలాంటి కొన్ని రాత్రులు పోతాయని ధరలో ముందే లెక్క వేసుకోవాలి. పై లెక్కలో సీజనులో 70 శాతమే నిండుతుందని అనుకోవడానికి ఒక కారణం అదే.

నిబంధనల ఖర్చు

హోమ్‌స్టే అనే మాటకు ఒక అర్థం ఉంది. కేంద్ర పర్యాటక శాఖ ఇన్‌క్రెడిబుల్ ఇండియా పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు, యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉంటేనే సిల్వర్, గోల్డ్ గుర్తింపు ఇస్తారు. ఇల్లు అద్దెకు తీసుకుని మేనేజరును పెట్టి నడిపితే అది గెస్ట్‌హౌస్ అవుతుంది, నియమాలు వేరు. స్థానిక పర్యాటక శాఖ, పురపాలక మండలి దగ్గర ఏయే అనుమతులు కావాలో రుణం తీసుకునే ముందే తెలుసుకోవాలి. తీరానికి దగ్గరగా కొత్త గది కట్టాలంటే 2019 దీవుల తీర నియంత్రణ నోటిఫికేషన్ కూడా చూడాలి.

ప్రతి అతిథి గుర్తింపు పత్రం తీసుకుని రిజిస్టరులో రాయాలి. విదేశీయులు వస్తే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో అధికారులకు తెలియజేయాలి. బారాటాంగ్ దారిలో జారవాల ఫొటోలు తీయడం, వారికి తినుబండారాలు ఇవ్వడం నేరమని అతిథికి చెప్పడం కూడా ఇంటివారి బాధ్యతే. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన కింద శిక్షలు కఠినంగా ఉంటాయి. వారిని చూపిస్తామని అతిథులను ఆకర్షించడం చట్టరీత్యా, నైతికంగా రెండు విధాలా తప్పు.

చివరికి ఎవరికి మిగులుతుంది?

దీవుల భూభాగంలో 80 శాతానికి పైగా అడవి. ఇల్లు కట్టుకోగల స్థలం కొంచెమే. ఆ కొంచెంలో దశాబ్దాల క్రితం వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఇప్పుడున్న ఇల్లే పెద్ద ఆస్తి. దాని మీద తీసుకున్న రుణం తీరాలంటే గదులు నిండితే చాలదు, సరైన ధరకు నిండాలి. లెక్క లేకుండా ధర తగ్గించుకుంటూ పోయే ఇల్లు మెయిన్‌ల్యాండ్ ప్యాకేజీ కంపెనీలకు, యాప్‌లకు చౌకగా గదులు సరఫరా చేసే చోటుగా మిగులుతుంది. అతిథి కట్టిన డబ్బు తిరుగు విమానంలోనే వెళ్లిపోతుంది.

సీజను మొదలయ్యే ముందు, అక్టోబరులో ఒక సాయంత్రం కూర్చుని నాలుగు అంకెలు రాసుకుంటే చాలు: ఏడాదికి తప్పని ఖర్చు, ఒక రాత్రికి అదనపు ఖర్చు, కిందటేడు నిజంగా నిండిన రాత్రులు, వాటిలో నేరుగా వచ్చినవి. ఏ ధరకు ఒప్పుకోవాలో, ఏ ధరకు కాదనాలో ఆ నాలుగు అంకెలే చెబుతాయి. జూన్‌లో వెయ్యికి తలుపు తీయాలి. జనవరిలో అదే వెయ్యికి 'గదులు లేవండీ' అనాలి.